పేగు సూక్ష్మజీవులు – రోగనిరోధక వ్యవస్థ

మనిషి జీర్ణనాళంలో, ముఖ్యంగా పెద్దపేగులో, కాపురం ఉండే బ్యాక్టీరియాకూ, ఒంటిని రోగాల నుంచి కాచే రోగనిరోధక వ్యవస్థకూ మధ్య పుట్టిన రోజున మొదలై చివరిదాకా సాగే ఇచ్చిపుచ్చుకోవడం ఈ వ్యాసానికి విషయం. ఎవరితో పోరాడాలో, ఎవరిని చూసీ చూడనట్టు వదిలేయాలో ఈ వ్యవస్థ చాలావరకు బ్యాక్టీరియా దగ్గరే నేర్చుకుంటుంది. ఏ బ్యాక్టీరియా ఎక్కడిదాకా రావచ్చో హద్దు గీసేది మాత్రం వ్యవస్థే. కోవిడ్ తరవాత 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అన్న మాట మందుల షాపుల్లోనూ టీవీ ప్రకటనల్లోనూ మారుమోగిపోతోంది. పేగులో జరిగే పనికి ఆ మాట సరిపోదు. అక్కడ అవసరమైంది బలం కన్నా నిగ్రహం. పెద్దపేగు పూత, క్రోన్స్ వ్యాధి, పిల్లల్లో వచ్చే ఆహార అలర్జీలు నిరోధకశక్తి తక్కువై వచ్చేవి కావు, అది అదుపు తప్పి వచ్చేవి.

ఈ విషయాన్ని ప్రయోగశాలలోని ఎలుకలతో మొదలుపెట్టడం రివాజు. ఎలుకల దగ్గరికీ వెళ్తాం గాని, ముందు చీడికాడ లాంటి ఒక ఊరిని కళ్ళముందు ఉంచుకుందాం. చోడవరం, మాడుగుల పరిసరాల్లోని ఈ మండల కేంద్రం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఒకవైపు తూర్పు కనుమలు, కనుమల అంచున బొడ్డేరు మీద కోనాం జలాశయం, దిగువన వరి, చెరకు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే ఇళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నాయి. జ్వరం వస్తే ముందు ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి, తగ్గకపోతే చోడవరానికి, అప్పటికీ తగ్గకపోతే విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళడం ఈ వైపు పరిపాటి. పుట్టిన బిడ్డకు నోట్లో వేసే టీకా చుక్కల నుంచి, ముసలివాళ్ళు తాగే తరవాణి దాకా ఈ వ్యాసంలో వచ్చేవన్నీ ఇలాంటి ఊళ్ళోనే ఎదురవుతాయి.

లెక్కలు

సుమారు 70 కిలోల బరువున్న మనిషిలో 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. మనిషి సొంత కణాలు 30 లక్షల కోట్లు. 'మన కణాలకు పదింతలు బ్యాక్టీరియా' అన్న పాత మాట అప్పటితో చెల్లిపోయింది. ఈ బ్యాక్టీరియా అంతా కలిపి తూచినా దాదాపు 200 గ్రాములే. దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి.

'రోగనిరోధక కణాల్లో 70 శాతం పేగులోనే ఉన్నాయి' అన్నది ఇంకా తరచుగా వినిపించే మాట. 2023లో ఒళ్ళంతా లెక్కవేసి చూస్తే ఈ కణాలు 1.8 లక్షల కోట్లు, బరువు 1.2 కిలోలు అని తేలింది. వాటిలో లింఫోసైట్లు ప్రధానంగా ఉండేది లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో. పేగుకు నిజంగా దక్కే ప్రత్యేకత వేరు: యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో అధికభాగం పేగు గోడలోనే ఉంటాయి. వాటి పని ఏమిటో తెలిస్తే అసలు కథ అర్థమవుతుంది.

హద్దు గీసే గోడ

జీర్ణనాళం లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాఠాల్లో రాసేవారు. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి, అది సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అంత మేరకూ బయటికీ లోపలికీ మధ్య ఉన్న గోడ మందం ఒకే ఒక్క కణం. ఆ కణాలు కూడా మూడు నుంచి అయిదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి.

ఇంత పల్చని గోడ నిలబడడానికి మొదటి కారణం జిగురు. పెద్దపేగులో అది రెండు పొరలుగా ఉంటుందని 2008లో గున్నార్ హాన్సన్ బృందం చూపింది. బయటి పొర వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా అందులో తిరుగుతాయి. గోడను ఆనుకుని ఉన్న లోపలి పొర చిక్కగా ఉండి వాటిని రానివ్వదు. తిండిలో పీచు లేకపోతే కొన్ని బ్యాక్టీరియా ఆకలికి ఈ జిగురునే తినడం మొదలుపెడతాయి. 2016లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో పీచు మానిపించగానే జిగురు పొర పల్చబడి, రోగకారక బ్యాక్టీరియా గోడదాకా వచ్చేశాయి.

జిగురు తరవాత యాంటీబాడీలు. చిన్నపేగు గోడలో అక్కడక్కడా గుంపుగా ఉండే లింఫు మచ్చలను 1677లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ వర్ణించాడు. ఇప్పటికీ వాటిని పేయర్ మచ్చలనే అంటారు. ఆ మచ్చల పైనున్న ప్రత్యేక కణాలు పేగులోంచి కొన్ని బ్యాక్టీరియాను లోపలికి తీసుకుని కింద ఉన్న కణాలకు అందిస్తాయి. అవి ఆ నమూనాను బట్టి ఐజీఏ అనే యాంటీబాడీ తయారు చేయిస్తాయి. పెద్దవాళ్ళ పేగులోకి రోజూ మూడు గ్రాముల పైచిలుకు ఐజీఏ ఊరుతుంది. మిగతా యాంటీబాడీల మాదిరి ఇది మంటను రేపదు. బ్యాక్టీరియాకు అంటుకుని అది గోడ మీదికి రాకుండా చేస్తుంది, అంతే. చంపకుండా దూరంగా ఉంచడం దీని పద్ధతి. పేగు మొత్తం విధానమే ఇది.

బ్యాక్టీరియా నేర్పే పాఠాలు

బ్యాక్టీరియాకూ నిరోధక వ్యవస్థకూ ఉన్న సంబంధాన్ని మొదట ఊహించిన వాళ్ళలో ఇల్యా మెచ్నికోవ్ ఒకడు. సూక్ష్మజీవుల్ని మింగేసే తెల్లకణాలను కనుక్కున్నందుకు 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది. దానికి ముందు ఏడాదే, పెరుగులోని బ్యాక్టీరియా ఆయుష్షు పెంచుతాయని పుస్తకం రాశాడు. మజ్జిగ లేనిదే అన్నం ముగియని తెలుగువాళ్ళకు వినసొంపైన మాట ఇది. కాని ఆ సంబంధానికి రుజువు వెతకాలంటే సూక్ష్మజీవులు బొత్తిగా లేని ఎలుకల్ని పెంచడం చేతనవ్వాల్సి వచ్చింది.

అలా పెంచిన ఎలుకల్లో పేయర్ మచ్చలు చిన్నవిగా ఉంటాయి, ఐజీఏ తగ్గిపోతుంది, పేగు గోడలో సహాయక టీ కణాలనే ఒక రకం తెల్లకణాలు పల్చగా ఉంటాయి. బ్యాక్టీరియాను ఎక్కిస్తే అవన్నీ తేరుకుంటాయి. ఆ పైన ఏ బ్యాక్టీరియా ఏ పాఠం నేర్పుతుందో విడివిడిగా తేలుతూ వచ్చింది. దారంలా పొడుగ్గా ఉండే ఒక బ్యాక్టీరియా ఎలుక పేగు గోడకు అంటుకుని, ఫంగస్‌తోనూ బ్యాక్టీరియాతోనూ పోరాడే టీహెచ్17 కణాలను పుట్టిస్తుందని 2009లో న్యూయార్క్‌లో డాన్ లిట్‌మన్ బృందం చూపింది. 2011లో జపాన్‌కు చెందిన కెన్యా హోండా బృందం ఇందుకు ఎదురు కథ చెప్పింది: క్లాస్ట్రిడియా జాతుల గుంపు ఒకటి, పోరును ఆపే నియంత్రక టీ కణాలను పెంచుతుంది. 2013లో మనిషి మలం నుంచే అలాంటి 17 రకాలను వాళ్ళు వేరుచేశారు.

ఈ నియంత్రక కణాలను 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికి, వాటిని నడిపే జన్యువును కనుక్కున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. అందులో మొట్టమొదట దెబ్బతినే వాటిలో పేగు ఒకటి.

బ్యాక్టీరియాకూ ఈ కణాలకూ మధ్య నడిచే కబురు ఎక్కువగా రసాయనం రూపంలో ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లం తయారవుతుంది. అది పెద్దపేగు గోడ కణాలకు ప్రధానమైన ఆహారం. నియంత్రక టీ కణాలు పెరగడానికీ అది తోడ్పడుతుందని 2013లో మూడు బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. చోడి అంబలి కడుపులోకి దిగాక ఏమవుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

సంగ్రహణి నుంచి ఫోలిక్ ఆమ్లం దాకా

ఈ శాస్త్రంలో తెలుగువాళ్ళకు ఒక సొంత అధ్యాయం ఉంది. అది చదువుతుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. మన వైద్యులు సంగ్రహణి అనే ఈ జబ్బులో ఆగని విరేచనాలు, తిన్నది ఒంటబట్టకపోవడం, నాలుక పూయడం, రక్తం లేక పాలిపోవడం కనిపిస్తాయి. సుబ్బారావుకూ అది వచ్చింది. అల్లోపతి చేతులెత్తేసిన దశలో ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నాడు. తరవాత మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు, అక్కడి నుంచి హార్వర్డ్ వెళ్ళాడు, 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు.

ఉష్ణమండల స్ప్రూలో, మామూలుగా పెద్దపేగులో ఉండవలసిన రకాల బ్యాక్టీరియా చిన్నపేగులోకి వచ్చి స్థిరపడతాయి. అక్కడి గోడ మంటకు గురై, ఆహారాన్ని పీల్చుకునే వేళ్ళలాంటి చూషకాలు కుంగిపోతాయి. ఫోలిక్ ఆమ్లం, బి12 ఒంట్లోకి చేరవు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే పేగు గోడ కొత్త కణాలను పుట్టించుకోలేదు, రోగం రోగాన్నే పెంచుతుంది. 1945లో లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1948లో అదే ప్రయోగశాల నుంచి, ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆదిమూలం. ఈ రోజుకీ ఉష్ణమండల స్ప్రూకి వైద్యులు రాసే చికిత్స నెలల తరబడి టెట్రాసైక్లిన్, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం. తన తోబుట్టువుల్ని పొట్టన పెట్టుకున్న జబ్బుకు రెండు మందులూ ఆయన పనిచేసిన చోటి నుంచే రావడం వైద్య చరిత్రలో అరుదైన సంగతి. ఆరియోమైసిన్ వచ్చిన 1948లోనే, ఆగస్టులో, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశాడు.

ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే మందుల్నీ ఆ బృందమే తయారుచేసి సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడికి ఇచ్చింది. పిల్లల రక్తక్యాన్సర్‌కు మందు దొరకడం అలా మొదలైంది. ఆ వరుసలోని మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్ళవాతానికి ఇచ్చే ప్రధానమైన మందు, అంటే అదుపు తప్పిన నిరోధక వ్యవస్థను దారికి తెచ్చే మందు. ఈ మందు కొందరికి ఎందుకు పనిచేయదని వెతికినవాళ్ళు 2021లో పేగు బ్యాక్టీరియా దగ్గరికే చేరారు. మెథోట్రెక్సేట్ బ్యాక్టీరియా పెరుగుదలనూ మారుస్తుంది, దానికి స్పందించిన రోగుల్లో ఆ మార్పు వేరుగా ఉంటుంది.

ఇంకొక్క ముడి ఉంది. మనిషి రక్తంలోని టీ కణాల్లో 1 నుంచి 10 శాతం దాకా 'మెయిట్' కణాలనే ప్రత్యేక జాతి. అవి ఏమి చూసి శత్రువును పోల్చుకుంటాయో చాలాకాలం తెలియలేదు. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు జవాబు కనుక్కున్నారు. ఈ కణాలకు వస్తువును పట్టి చూపించే అణువు మీద వాళ్ళకు మొదట దొరికింది ఫోలిక్ ఆమ్లం విరిగితే వచ్చే ముక్క. అది అణువులో కుదురుగా కూర్చుంటుంది గాని కణాలను లేపదు. లేపేవి రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, తయారుచేసే క్రమంలో మధ్యలో పుట్టే పదార్థాలు. బి2ను మనిషి కణాలు తయారుచేసుకోలేవు, ఎన్నో బ్యాక్టీరియా చేసుకుంటాయి. కాబట్టి ఆ పదార్థం కనిపించిందంటే దగ్గర్లో బ్యాక్టీరియా ఉన్నట్టే. విటమిన్ల గురించి సుబ్బారావు తరం వేసిన పునాది నిరోధకశాస్త్రంలో ఇలా తేలింది.

ముర్రుపాల నుంచి అన్నప్రాశన దాకా

నేర్చుకోవడానికి ఒక వయసుంది. బిడ్డ పుడుతూనే తల్లి నుంచి బ్యాక్టీరియాను అందుకుంటుంది. తల్లిపాలలో లీటరుకు అయిదు నుంచి పదిహేను గ్రాముల దాకా ఉండే ప్రత్యేకమైన చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. అవి బిఫిడో బ్యాక్టీరియాకు ఆహారం. పాలిచ్చే తల్లి తన బిడ్డ పేగులో ఎవరు స్థిరపడాలో కూడా ఇలా నిర్ణయిస్తుంది. ముర్రుపాలు చిక్కగా పసుపుపచ్చగా ఉండి, ఐజీఏతో నిండి ఉంటాయి. వాటిని పిండి పారబోయడం వల్ల బిడ్డ కోల్పోయేది ఇదే. ఇక సిజేరియన్ సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కోతతోనే జరిగాయి. బ్రిటన్‌లో 596 మంది శిశువుల్ని పరిశీలిస్తే, సిజేరియన్ బిడ్డల్లో బాక్టీరాయిడ్స్ జాతి తక్కువగా, ఆసుపత్రుల్లో తిరిగే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించాయి. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. తల్లీబిడ్డల ప్రాణం కోసం చేసే కోతను ఎవరూ తప్పుబట్టరు. అవసరం లేని కోతకు మాత్రం ఈ లెక్క కూడా చెప్పాలి.

ఎలుక పిల్లలు తల్లిపాలు మాని గట్టి తిండికి మారే రోజుల్లో వాటి పేగులో నిరోధక వ్యవస్థ ఒక్కసారి జోరుగా స్పందించి, తరవాత సద్దుమణుగుతుంది. ఆ దశను యాంటీబయాటిక్‌తో చెడగొడితే పెద్దయ్యాక పేగు మంట, అలర్జీ తేలిగ్గా వస్తాయని 2019లో పారిస్ పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు చూపారు. మనిషి పిల్లల్లో ఆ మార్పు అన్నప్రాశన చేసే ఆరో నెలతో మొదలవుతుంది. పెద్దల పేగును పోలిన బ్యాక్టీరియా కుదురుకోవడానికి మూడేళ్ళు పడుతుంది.

ఉత్తరాంధ్రకు పొరుగునే ఉన్న ఒడిశా పల్లెల్లో ఈ విషయం మీద ప్రపంచంలోనే పెద్ద ప్రయోగం ఒకటి జరిగింది. పినాకి పాణిగ్రాహి నాయకత్వంలో 4,556 మంది నవజాత శిశువులకు ఏడు రోజులపాటు కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియానూ దానికి ఆహారమయ్యే చక్కెరనూ, మిగిలినవారికి ఉత్తుత్తి మందునూ ఇచ్చారు. అందరూ నెలలు నిండిన లేదా దాదాపు నిండిన, తల్లిపాలు తాగుతున్న బిడ్డలే. రెండు నెలల్లో రక్తం విషమించడం లేదా మరణం ఉత్తుత్తి మందు వర్గంలో 9 శాతం మందిలో కనిపిస్తే, బ్యాక్టీరియా ఇచ్చిన వర్గంలో 5.4 శాతానికి తగ్గింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేగులో వేసిన విత్తు ఛాతీని కాపాడిందంటే, ఆ పాఠం ఒళ్ళంతా పాకినట్టే. 2017లో 'నేచర్' పత్రిక దీన్ని ప్రచురించింది. అయితే ఈ ఫలితాన్ని నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు అన్వయించకూడదు. అలాంటి పసికందులకు ప్రోబయాటిక్‌లతోనే రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2023లో హెచ్చరించింది.

నోటి చుక్కల చిక్కుముడి

టీకా రాకముందు మన దేశంలో రోటావైరస్ విరేచనాలు ఏటా దాదాపు 78,000 మంది అయిదేళ్ళలోపు పిల్లల్ని బలితీసుకునేవి. 1985–86 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, వైరస్ సోకినా విరేచనాలు కాని పసిపిల్లల నుంచి 116ఇ అనే రకాన్ని వేరుచేశారు. మహారాజ్ కిషన్ భాన్ లాంటి వైద్యుల కృషి తోడై, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని రోటావాక్ టీకాగా మలిచింది. ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువులపై పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలోకి మొదట తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మిగతావి ఒడిశా, హర్యానా, హిమాచల్‌ప్రదేశ్.

ఆ పరీక్షలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను టీకా మొదటి ఏడాది 56 శాతం మేర అడ్డుకుంది. ఇందులో టీకా లోపం లేదు. యూరప్‌లో 85 శాతానికి పైగా కాపాడే మరో కంపెనీ చుక్కలు ఆఫ్రికాలోని మలావీలో 49 శాతమే కాపాడాయి. పోలియో చుక్కలదీ ఇదే కథ. నోటి ద్వారా ఇచ్చే సజీవ టీకా పేదదేశపు పేగులో ఎందుకు తడబడుతుంది? తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు వైరస్‌ను ముందే పట్టేయడం ఒక కారణం. అందుకని చుక్కల ముందు కొంతసేపు పాలు ఆపి చూశారు. ఢిల్లీలో జరిగిన ఆ పరీక్షలో ఏమీ మెరుగు కాలేదు. కాబట్టి చుక్కలకు ముందూ తరవాతా బిడ్డకు పాలివ్వవచ్చు.

రెండో కారణం పేగు గోడే. అపరిశుభ్రమైన నీటితో, మట్టితో రోజూ మలంలోని సూక్ష్మజీవులు కడుపులోకి పోతుంటే, విరేచనాలు లేకపోయినా చిన్నపేగు గోడలో మంట రాజుకుంటూనే ఉంటుంది. సుబ్బారావు చూసిన సంగ్రహణికి ఇది చప్పుడు లేని చెల్లెలు. మూడోది బ్యాక్టీరియా. ఘనాలో టీకాకు బాగా స్పందించిన బిడ్డల పేగు బ్యాక్టీరియా నెదర్లాండ్స్ బిడ్డల వాటికి దగ్గరగా ఉందని 2017లో తేలడంతో ఆశలు పెరిగాయి. వెల్లూరులో చూస్తే స్పందించిన వారికీ లేనివారికీ అలాంటి తేడా దొరకలేదు. 2021లో భారత్, మలావీ, బ్రిటన్ బిడ్డల్ని పోల్చినప్పుడు ఇంకో వింత కనిపించింది: మొదటి వారాల్లోనే పేగులో రకరకాల బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్న భారత, మలావీ బిడ్డల్లో టీకా స్పందన తక్కువ. వైవిధ్యం ఎప్పుడూ మంచిదే అన్న సూత్రం పాలు తాగే వయసుకు వర్తించదు.

మరి బ్యాక్టీరియాను తగ్గిస్తే? వెల్లూరులో 754 మంది శిశువులపై చేసిన పరీక్షలో పోలియో చుక్కలకు ముందు కొందరికి అజిత్రోమైసిన్ ఇచ్చారు. పేగు మంట గుర్తులు తగ్గాయి, రోగకారక బ్యాక్టీరియా తగ్గాయి, టీకా స్పందన మాత్రం పెరగలేదు. నా దృష్టిలో ఈ రంగంలో భారతదేశం నుంచి వచ్చిన అతి విలువైన ఫలితాల్లో ఇదొకటి, ఎందుకంటే ఆశపడిన జవాబు రాకపోయినా దాచకుండా చెప్పారు. యాంటీబయాటిక్ పోసి టీకాను బాగుచేయలేమని మనకు తెలిసింది.

చోళ్ళు, తరవాణి, శనగపిండి

తెలంగాణ, అస్సాం, మణిపుర్, సిక్కింలలోని 15 గిరిజన తెగల పేగు బ్యాక్టీరియాను గువాహటి శాస్త్రవేత్తలు 2015లో పోల్చారు. తెగలు వేరు, కొండలు వేరు, అయినా అందరిలోనూ ప్రివొటెల్లా జాతిదే పైచేయి. పీచు, పిండిపదార్థం ఎక్కువగా ఉన్న శాకాహారాన్ని పులియబెట్టడంలో ఆరితేరిన జాతి అది. మాంసం, పాలు, మైదా ఎక్కువయ్యే కొద్దీ దాని స్థానంలోకి బాక్టీరాయిడ్స్ వస్తుంది. అమెరికాకు వలస వెళ్ళిన ఆగ్నేయాసియా కుటుంబాల్లో ఈ మార్పు మొదటి తరంలోనే మొదలై, పిల్లల్లో ఇంకా పెరిగిందని 2018లో మిన్నెసోటా పరిశోధకులు చూపారు. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు ఈ ఫలితాన్ని పట్టించుకోవాలి. బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో భారతీయ మూలాల వాళ్ళకు పెద్దపేగు పూత తెల్లవాళ్ళకన్నా ఎక్కువగా వస్తోందని 1990ల మొదట్లోనే తేలింది. వలస దాకా పోనక్కర్లేదు కూడా. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణ పల్లెల్లోకి వెళ్ళి పరీక్షించి 2023లో ప్రకటించిన దాని ప్రకారం, కడుపు బాధతో వచ్చిన పల్లె రోగుల్లో ఇలాంటి పేగు మంట జబ్బుల వాటా పట్నం రోగులతో దాదాపు సమానం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల చోళ్ళలో పీచు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో చోడిపిండిని నీళ్ళల్లో కలిపి రాత్రంతా పులియనిచ్చి, తెల్లారి నూక ఉడుకుతున్న ఎసట్లో పోసి కలియబెడతారు. చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ తాగుతారు. ఉడికించడంతో పులిపించిన బ్యాక్టీరియా చచ్చిపోతాయి. పులుపు, పీచు మిగులుతాయి, సజీవ బ్యాక్టీరియాను మజ్జిగ తెస్తుంది. తరవాణి అలా కాదు, గంజినీళ్ళు కుండలో పులిసి పచ్చిగానే తాగేది కాబట్టి అందులో బ్యాక్టీరియా బతికే ఉంటాయి. కుండా నీళ్ళూ శుభ్రంగా ఉంటేనే అది మేలు.

పులిసిన తిండికి ఇప్పుడు కొంత రుజువు దొరికింది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని రెండు వర్గాలు చేసి, పది వారాలపాటు ఒక వర్గానికి పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటి పులిసిన పదార్థాలు, రెండో వర్గానికి పీచు ఎక్కువగా పెట్టారు. పులిసినవి తిన్న వర్గంలో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో మంటకు గుర్తులైన 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు వర్గంలో అంత స్పష్టమైన మార్పు రాలేదు. చిన్న ప్రయోగం కనుక దీని మీద పెద్ద మేడ కట్టకూడదు.

పిల్లల విషయంలో ఇంకా గట్టి రుజువు ఢాకా నుంచి వచ్చింది. పోషణ లేని పిల్లల పేగు బ్యాక్టీరియా వయసుకు తగ్గట్టు ఎదగదని జెఫ్రీ గోర్డన్, తహ్మీద్ అహ్మద్ బృందాలు 2014లో చూపాయి. ఆ బ్యాక్టీరియాను ఎదిగించడానికి వాళ్ళు తయారుచేసిన తిండిలో ఉన్నవి శనగపిండి, వేరుశనగ పిండి, సోయా పిండి, పచ్చి అరటికాయ. 2021లో వచ్చిన ఫలితాల్లో, ఎక్కువ కేలరీలున్న మామూలు పోషకాహార పొట్లం కన్నా దీనితోనే ఏడాది దాటిన పిల్లలు బాగా బరువు పెరిగారు. సోయా తప్ప మిగతావి చీడికాడ కిరాణా కొట్లో, పెరట్లో దొరికేవే. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంగన్‌వాడీ తిండిని తయారుచేసే వాళ్ళు ఈ ఫలితాన్ని చదవాలని నా కోరిక.

మందుగా బ్యాక్టీరియా

క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే మొండి ఇన్ఫెక్షన్‌కు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించడం యాంటీబయాటిక్ కన్నా మేలని 2013లో నెదర్లాండ్స్‌లో రుజువైంది. 2022, 2023లలో అమెరికా అలాంటి రెండు మందులకు అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ ఇమ్యునోథెరపీ పనిచేయని మెలనోమా రోగుల్లో కొందరికి, పనిచేసినవాళ్ళ బ్యాక్టీరియా ఎక్కిస్తే మందు పనిచేయడం 2021లో కనిపించింది.

షాపులో అమ్మే ప్రోబయాటిక్ పొట్లాల సంగతి వేరు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చాలా జీర్ణకోశ జబ్బులకు వాటిని సిఫారసు చేయలేమని చెప్పింది. విరేచనాల పిల్లలకు అవి ఉత్తుత్తి మందుకన్నా మేలు చేయలేదని 2018లో అమెరికా, కెనడా పరీక్షల్లో తేలింది. యాంటీబయాటిక్ తరవాత ప్రోబయాటిక్ వేసుకున్నవాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఇంకా ఆలస్యమైందని అదే ఏడాది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపారు. ఏ రకం బ్యాక్టీరియా, ఏ వయసులో, ఏ జబ్బుకు అన్నది తేల్చకుండా 'ఇమ్యూనిటీ' పేరుతో అమ్మడం తప్పు.

చీడికాడలోనైనా, ఇంకే పల్లెలోనైనా, పసిబిడ్డ పేగును కాపాడడానికి చేతిలో ఉన్న పనులు కొన్నే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలదాకా తల్లిపాలు మాత్రమే. విరేచనాలైతే ఓఆర్‌ఎస్, పద్నాలుగు రోజులు జింకు. జలుబుకూ, నీళ్ళ విరేచనాలకూ యాంటీబయాటిక్ అడగకండి, ఇచ్చినా ఎందుకని అడగండి. పొట్లం మీద ఎర్రగీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనకండి. రోటావైరస్ చుక్కలు మన పిల్లల్ని పూర్తిగా కాపాడకపోయినా తీవ్రమైన జబ్బును సగానికి పైగా తప్పిస్తున్నాయి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, మూడుసార్లూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. ఒక్కసారి కూడా తప్పిపోకుండా వేయించండి.